పరుగులో పాట, పరుగుకు కొలత: ఫోను, వాచ్, ఇయర్‌ఫోన్‌లలో ఎవరికి ఏది తగినది

పరుగెత్తేటప్పుడు పాట వినాలనుకునేవారు, పరుగును కొలుచుకోవాలనుకునేవారు సాధారణంగా ఒకే దుకాణానికి వెళ్లి, రెండు పనులనూ చేసిపెట్టే ఒకే వస్తువు కోసం వెతుకుతారు. పాటలను తనలోనే దాచుకోగల జీపీఎస్ వాచ్ సరిగ్గా ఆ కోరికను చూసి తయారుచేసినదే. అయితే పాట ఒక అవసరం, కొలత మరొక అవసరం. ఒకదానికి మేలైన పరికరం రెండోదానికి కూడా మేలైనదే కావాలని లేదు. అందువల్ల ఏ కంపెనీ, ఏ మోడల్ అన్న ప్రశ్నకు ముందుగా ఒక చిన్న ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పుకోవాలని నేను కోరుతాను: పరుగుకు వెళ్లేటప్పుడు మీరు ఫోను వెంట తీసుకెళ్తారా, ఇంట్లో వదిలి వెళ్తారా? ఈ ఒక్క విషయం తేలితే మిగిలిన ఎంపికలో సగానికి పైగా దానంతట అదే తేలిపోతుంది.

తెల్లవారకముందే ఒంటరిగా బయలుదేరే మహిళలు, ఇంట్లో పెద్దవాళ్లనో పసిపిల్లలనో వదిలి వచ్చినవారు, ఆసుపత్రి నుంచి ఏ క్షణంలోనైనా పిలుపు రావచ్చునని తెలిసిన వైద్యులు, నెక్లెస్ రోడ్డు మీద పరుగు ముగించి క్యాబ్‌లో ఇంటికి చేరవలసినవారు, దారిలో కొబ్బరిబొండానికి యూపీఐతో చెల్లించేవారు ఎలాగూ ఫోను తీసుకెళ్తారు, తీసుకెళ్లాలి కూడా. వీరి పాటలన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. అదే ఫోనులో పరుగును కొలిచే జీపీఎస్ కూడా ఉంది. ఇలాంటివారు మణికట్టు మీద మళ్లీ అవే పాటలు మోయడానికి అదనంగా చెల్లించే డబ్బు దాదాపు వృథా అవుతుంది. కాలనీ పార్కులోనో స్టేడియం ట్రాక్ మీదనో పరుగెత్తేవారు, ఆ కాసేపైనా ఫోనుకు దూరంగా ఉండాలనుకునేవారు, నడుము దగ్గర బరువు ఊగితే సహించలేనివారు వేరు. పాటల వాచ్ వారి కోసం. నేను చూసినంతవరకు మొదటి రకం వారే ఎక్కువ, కానీ ప్రకటనలు ఎక్కువగా కనిపించేది రెండో రకం వారికి పనికివచ్చే వస్తువుకే.

ఫోను వెంట ఉండేవారికి

స్ట్రావా, నైకీ రన్ క్లబ్ వంటి యాప్‌లు దూరాన్ని, సమయాన్ని, పేస్‌ను (ఒక్కో కిలోమీటరుకు పట్టే సమయాన్ని), పరుగెత్తిన దారిని ఉచితంగానే నమోదు చేస్తాయి. ఉపగ్రహ సంకేతాలను అందుకోవడానికి మొబైల్ డేటా అవసరం లేదు కాబట్టి, సిగ్నల్ సరిగా అందని వికారాబాద్ అనంతగిరి కొండల దారుల్లోనూ ఫోను మీ పరుగును రాసుకుంటూనే ఉంటుంది. వారానికి మూడు రోజులు 3 నుంచి 5 కిలోమీటర్ల పరుగును ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటున్నవారికి మొదటి కొన్ని నెలల పాటు ఇంతకు మించిన కొలత పరికరం అక్కరలేదని నేను గట్టిగా చెబుతాను. వాచ్ కోసం పక్కన పెట్టిన డబ్బుతో పాదానికి సరిపోయే మంచి బూట్లు కొనుక్కోవడం మేలు.

ఫోనును ఎలా మోయాలన్నది చిన్న విషయంగా కనిపించినా, పరుగు సుఖంగా సాగడానికి అదే ముఖ్యం. చేతికి కట్టుకునే ఆర్మ్‌బ్యాండ్ చిన్న ఫోనుల రోజులకు సరిపోయింది. ఇప్పటి ఫోనులు చాలావరకు 170 నుంచి 230 గ్రాముల బరువు ఉంటున్నాయి. అంత బరువు జారకుండా ఉండాలంటే పట్టీని బాగా బిగించాలి, బిగిస్తే చెమట చేరి చర్మం ఒరుసుకుంటుంది. నడుముకు చుట్టుకునే సాగే రన్నింగ్ బెల్ట్ ఆ బరువును శరీరం మధ్యకు చేర్చి ఊపును తగ్గిస్తుంది కనుక నేను దానికే ఓటు వేస్తాను. విశాఖ, కాకినాడ వంటి తీర నగరాల ఉక్కపోతలో పరుగెత్తేవారు ఫోనును ఒక జిప్ కవరులో పెట్టి బెల్టులో ఉంచుకోవాలి. వాన చినుకు కంటే ఉప్పు నిండిన చెమటే ఛార్జింగ్ పోర్టును ఎక్కువగా పాడు చేస్తుంది.

ఫోను బెల్టులో ఉన్నప్పుడు దాని తెర కంటికి కనిపించదు కాబట్టి, పేస్ చూసుకోవడానికి చాలామంది చవకైన ఫిట్‌నెస్ బ్యాండ్ వైపు మొగ్గుతారు. పెట్టె మీద జీపీఎస్ అని రాసి ఉన్నంత మాత్రాన బ్యాండ్‌లో జీపీఎస్ చిప్ ఉన్నట్టు కాదు. ‘కనెక్టెడ్ జీపీఎస్’ అన్నారంటే ఆ బ్యాండ్ మీ ఫోను జీపీఎస్‌ను అరువు తెచ్చుకుంటుందని అర్థం. ఫోను పక్కన లేకపోతే అది అడుగులను లెక్కపెట్టి, ఒక అంచనా అంగ పొడవుతో గుణించి దూరం చెబుతుంది. వేగం పెరిగినా, ఎత్తు ఎక్కినా, అలసట వచ్చినా అంగ పొడవు మారిపోతుంది కాబట్టి ఆ లెక్క నమ్మదగినది కాదు. ఫోను ఎప్పుడూ తీసుకెళ్లేవారికి ఇది లోపం కాకపోయినా, ఫోను వదిలి వెళ్దామన్న ఆలోచన ఏ కొంచెం ఉన్నా ‘బిల్ట్-ఇన్ జీపీఎస్’ అని స్పష్టంగా రాసి ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

ఫోను తీసుకెళ్లేవారిలో హాఫ్ మారథాన్ వంటి లక్ష్యం పెట్టుకున్నవారికి నేను ఎక్కువగా సూచించేది పాటలు దాచుకోని మామూలు జీపీఎస్ వాచ్. 2021లో వచ్చిన గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 ఇందుకు మంచి ఉదాహరణ. దానిలో పాటలు నిల్వ చేయలేము గాని, ఫోనులో మోగుతున్న పాటను మణికట్టు మీది నుంచే మార్చవచ్చు, ఆపవచ్చు. కొలిచే పని వాచ్ చూసుకుంటుంది, పాట, ఫోన్ కాల్, డబ్బు చెల్లింపు ఫోను చూసుకుంటాయి. ఒకదాని బ్యాటరీ అయిపోయినా రెండోది ఆగదు.

ఫోను వదిలి వెళ్లేవారికి

పాటల వాచ్ కొనేటప్పుడు మొదట చూడవలసింది పాటలు ఎక్కడి నుంచి వస్తాయన్నది. గార్మిన్ ఫోర్‌రన్నర్ 165 రెండు రూపాల్లో దొరుకుతుంది, ‘మ్యూజిక్’ అన్న పేరున్న దానిలోనే పాటలను దాచుకోగలం. ఫోర్‌రన్నర్ 265లో ఆ సౌకర్యం అన్నింటిలోనూ ఉంటుంది. స్పాటిఫై, అమెజాన్ మ్యూజిక్ వంటి సేవల నుంచి ఈ వాచ్‌లలోకి పాటలను దించుకోవచ్చు, కానీ అందుకు ఆ సేవకు చందా కట్టాలి, చందా ఆగిపోతే దించుకున్న పాటలు కూడా మూగబోతాయి. కోరోస్ పేస్ 3 దారి వేరు. నైలాన్ పట్టీతో కలిపి 30 గ్రాములే ఉండే ఆ వాచ్ స్పాటిఫై వంటి సేవలతో పనిచేయదు, కంప్యూటర్ నుంచి మనం ఎక్కించుకున్న ఎంపీ3 ఫైళ్లను మాత్రమే వినిపిస్తుంది. కొత్త పాటల జాబితాలు ప్రతి వారం మార్చుకునే యువతకు ఇది ఇబ్బందే. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పాత తెలుగు పాటలు, ప్రవచనాలు, హరికథలు హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉన్నవారికి మాత్రం ఇది వరమే, వారు నెలనెలా చందా కట్టనవసరం లేదు. నిదానంగా సాగే లాంగ్ రన్‌లో ప్రవచనం వినేవారు మన రన్నర్లలో తక్కువేమీ కాదు.

యాపిల్ వాచ్ ఐఫోన్ ఉన్నవారికే పనికివస్తుంది, ఆండ్రాయిడ్ వాడేవారు దాని గురించి ఆలోచించనవసరం లేదు. శామ్‌సంగ్ గెలాక్సీ వాచ్ 4 నుంచి వచ్చిన మోడళ్లు ఐఫోన్‌తో పనిచేయవు. ఈ రెండు కుటుంబాల వాచ్‌లు రోజువారీ జీవితానికి చక్కగా సరిపోతాయి, పరుగునూ బాగానే కొలుస్తాయి, కానీ మామూలు యాపిల్ వాచ్ మోడళ్లకు కంపెనీ చాలాకాలంగా చెబుతూ వచ్చిన బ్యాటరీ ఆయుష్షు 18 గంటలు. తెల్లవారుజామున పరుగుకు వెళ్లాలంటే ముందు రాత్రి ఛార్జింగ్ పెట్టడం మరవకూడదన్నమాట. రన్నింగ్ కోసమే తయారైన గార్మిన్, కోరోస్ వాచ్‌లు ఒకసారి ఛార్జ్ చేస్తే కొన్ని రోజులు వస్తాయి.

యాపిల్, శామ్‌సంగ్ వాచ్‌లలో ఈ-సిమ్ ఉన్న రకాలకు ఒక ప్రత్యేకత ఉంది. ఫోను ఇంట్లో ఉన్నా వాచ్ నుంచే కాల్ చేయవచ్చు, అత్యవసరమైతే ఇంటివారికి ఎక్కడున్నామో తెలియజేయవచ్చు. ఫోను మోయడం ఇష్టం లేకపోయినా భద్రత కోసం మోస్తున్నవారికి ఇది అసలైన ప్రత్యామ్నాయం. నెలవారీ ఖర్చును, త్వరగా తరిగిపోయే బ్యాటరీని భరించగలిగితే దీన్ని తీసిపారేయవలసిన పని లేదు.

పాటల వాచ్ ఏదైనా, జీపీఎస్‌తో పాటు పాటలు కూడా మోగుతున్నప్పుడు బ్యాటరీ చాలా వేగంగా దిగుతుంది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే గంటల సంఖ్య సాధారణంగా పాటలు లేకుండా లెక్కించినది. వివరాల పట్టికలో ‘జీపీఎస్, మ్యూజిక్ కలిపి’ అన్న వరుస విడిగా ఉంటుంది, అక్కడి సంఖ్య తరచూ మొదటి సంఖ్యలో సగానికన్నా తక్కువే. గంట, రెండు గంటలు పరుగెత్తేవారిని ఇది బాధించదు. ఐదు, ఆరు గంటల్లో మారథాన్ పూర్తిచేసేవారు మాత్రం ఆ వరుస చూడకుండా కొనకూడదు.

పాట మధ్యమధ్య తెగిపోతోందన్న ఫిర్యాదు కూడా ఈ వాచ్‌ల విషయంలో తరచూ వినిపిస్తుంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు బాగా పీల్చుకుంటుంది, మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. వాచ్ ఎడమ చేతికి ఉండి, ఇయర్‌ఫోన్‌లో సంకేతాన్ని అందుకునే భాగం కుడివైపున ఉంటే మొండెం అంతా అడ్డుపడుతుంది. వాచ్‌ను రెండో చేతికి మార్చి చూస్తే చాలాసార్లు ఆ ఇబ్బంది పోతుంది. పరికరాన్ని తిరిగి ఇచ్చేయడానికి ముందు ఈ పని చేసి చూడడం మంచిది.

చెవులకు ఏది

వాచ్ ఎంపికకు ఎన్నో రోజులు ఆలోచించి, ఇయర్‌ఫోన్‌ను మాత్రం ఇంట్లో ఉన్నదే వాడేద్దామనుకోవడం సరికాదని నా అభిప్రాయం. వాచ్ తప్పు చెబితే పేస్ లెక్క తప్పుతుంది. ఇయర్‌ఫోన్ తప్పుగా ఎంచుకుంటే ప్రాణం మీదికి రావచ్చు.

మన రోడ్ల మీద పరుగెత్తేవారు వాహనాలకు ఎదురుగా, అంటే రోడ్డుకు కుడి అంచున పరుగెత్తడం క్షేమం, అలా అయితే ఎదురుగా వచ్చేది కంటికి కనిపిస్తుంది. కానీ రాంగ్ రూట్‌లో దూసుకువచ్చే బైక్ వెనుక నుంచి వస్తుంది, కుక్కలు వెనుక నుంచి తరుముతాయి, ఫుట్‌పాత్ అకస్మాత్తుగా ముగిసిపోయి మనం రోడ్డు మధ్యకు జరగవలసి వచ్చినప్పుడు వెనుక ఏముందో కళ్లు చెప్పలేవు. ఎలక్ట్రిక్ స్కూటర్లు పెరిగిన కొద్దీ ఇంజిన్ మోత కూడా తగ్గిపోయింది, ఇప్పుడు వినిపించేది టైరు చప్పుడు ఒక్కటే. చెవి రంధ్రాన్ని పూర్తిగా మూసే ఇయర్‌బడ్స్, అందులోనూ బయటి శబ్దాన్ని తుడిచివేసే నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి ఆ టైరు చప్పుడును కూడా మింగేస్తాయి. ట్రెడ్‌మిల్ మీదా, గేటు ఉన్న ప్రాంగణంలోనూ అవి బాగుంటాయి, పాట నాణ్యతలో వాటికి సాటి వేరొకటి లేదు. రోడ్డు మీద మాత్రం వాటిని వాడవద్దని నేను ఎవరికైనా చెబుతాను.

వాటిలో కొన్నింటికి ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంటుంది. బయటి శబ్దాన్ని మైకు పట్టుకుని చెవిలోకి పంపుతుంది. నిలబడి మాట్లాడేటప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది, కానీ పరుగులో ఎదురుగాలి మైకును తాకి హోరు పుట్టిస్తుంది, బ్యాటరీ అయిపోతే చెవికి మిగిలేది రబ్బరు బిరడా మాత్రమే. చెవి పైన కొక్కెంలా వేలాడి, రంధ్రాన్ని తెరిచి ఉంచే ఓపెన్-ఇయర్ రకాలు ఇంతకన్నా నమ్మదగినవి.

రన్నర్లలో ఎక్కువమంది చివరకు చేరుకునేది బోన్ కండక్షన్ రకానికి. ఇవి చెవి ముందు ఎముకకు ఆని, కంపనాల ద్వారా పాటను లోపలి చెవికి చేరుస్తాయి, రంధ్రం పూర్తిగా తెరిచే ఉంటుంది. షాక్స్ ఓపెన్‌రన్ 26 గ్రాముల బరువు ఉండి, 8 గంటల పాటు వస్తుంది, దాని ఐపీ67 రేటింగ్ (దుమ్మును, నీటిని తట్టుకునే స్థాయి) వానకూ చెమటకూ భయపడనవసరం లేనిది. ఓపెన్‌రన్ ప్రో 10 గంటలు వస్తుంది, దానిలో పాట కొంత నిండుగా వినిపిస్తుంది, కానీ రేటింగ్ ఐపీ55కు తగ్గుతుంది. వానాకాలంలోనూ పరుగు మాననివారికి, ఎక్కువ చెమట పట్టేవారికి మొదటిదే మేలని నా లెక్క. కళ్లజోడు పెట్టుకునేవారు దాని కొమ్ములూ ఈ పట్టీ ఒకే చోట కలుస్తాయి కాబట్టి, కొనేముందు రెండూ పెట్టుకుని ఒకసారి తల ఊపి చూసుకోవాలి.

బోన్ కండక్షన్‌లో లోపాలూ ఉన్నాయి. డప్పు దరువు లోతుగా వినిపించాలని కోరేవారికి ఆ లోతు ఇందులో దొరకదు. లారీలు తిరిగే రోడ్డు పక్కన పాట సగం వినిపించదు, అప్పుడు శబ్దం పెంచాలనిపిస్తుంది. ఇవి కర్ణభేరి మీద భారం వేయవు కాబట్టి ఎంత పెంచినా వినికిడికి హాని లేదని కొందరు అమ్మకందారులు చెప్పే మాటను నమ్మవద్దు. దారి ఏదైనా ఆ శబ్దం చివరకు చేరేది లోపలి చెవిలోని ఆ సున్నితమైన కణాలకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే సురక్షిత పరిమితి 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. రోడ్డు రొద ఎక్కువైనప్పుడు శబ్దం పెంచడానికి బదులు పాటను ఆపేయడమే సరైన పని.

నీటి రేటింగ్ గురించి ఒక మాట. ఐపీ తర్వాతి రెండు అంకెల్లో మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి సంబంధించినది, ఐపీఎక్స్4 అంటే చిందే నీటిని తట్టుకుంటుందని అర్థం. ఈ పరీక్షలు మంచినీటితో చేసేవి. చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి, పరుగు అయ్యాక తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తర్వాతే ఛార్జింగ్ పెట్టాలి.

రేస్‌లలో పాల్గొనేవారు నియమాలు కూడా చూసుకోవాలి. ప్రపంచ అథ్లెటిక్స్ సాంకేతిక నియమాలు పోటీ ప్రాంతంలో ఫోను, రేడియో, పాటల పరికరాల వాడకాన్ని అనుమతించవు. అమెరికా అథ్లెటిక్స్ సంఘం 2007లో హెడ్‌ఫోన్‌లను అందరికీ నిషేధించి, 2008లో బహుమతుల కోసం పోటీపడనివారి విషయంలో ఆ నిర్ణయాన్ని నిర్వాహకులకు వదిలింది. మన నగరాల్లో జరిగే రేస్‌లలో పోడియం ఆశించేవారు పాటను పక్కన పెట్టడమే మంచిది. హైదరాబాద్ మారథాన్ వంటి పెద్ద రేస్‌లో ఫ్లైఓవర్ల మీదుగా వేలమంది మధ్య పరుగెత్తేటప్పుడు వెనుక నుంచి దాటుకుపోయేవారి పిలుపు, వాలంటీర్ల ఈల, అంబులెన్స్ హారన్ వినిపించడం మీ ఒక్కరి క్షేమానికి సంబంధించినదే కాదు.

పాట ఏ పరుగులో పనికివస్తుంది

పాటల కోసం ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి ఇది తెలియాలి. వ్యాయామంలో సంగీతం పాత్రను చాలా ఏళ్లుగా పరిశోధించిన బ్రూనెల్ విశ్వవిద్యాలయపు కోస్టాస్ కరాజోర్గిస్ చెప్పే దాని సారం ఇది: తక్కువ, మధ్యస్థ తీవ్రతలో పాట శ్రమను తక్కువగా అనిపించేలా చేస్తుంది, తీవ్రత బాగా పెరిగి ఊపిరి బిగిసే స్థితిలో శరీరం పంపే సంకేతాలే మనసును ఆక్రమించుకుంటాయి కాబట్టి ఆ ప్రభావం తగ్గుతుంది. అంటే నిదానమైన లాంగ్ రన్‌లో పాట స్నేహితుడు, గట్టి ఇంటర్వెల్స్‌లో (మధ్యమధ్య విరామమిస్తూ చేసే వేగపు పరుగుల్లో) దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. వారంలో ఎక్కువ రోజులు బృందంతో కబుర్లు చెప్పుకుంటూ పరుగెత్తేవారికి పాటల అవసరం ఇంకా తక్కువ. ఫోను, చవకైన ఓపెన్-ఇయర్ చాలు.

పాట లయతో అడుగులు కలిపితే పరుగు నిలకడగా సాగుతుంది. 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇథియోపియా రన్నర్ హైలీ గెబ్రెసెలాసీ 2000 మీటర్ల ఇండోర్ రికార్డు నెలకొల్పినప్పుడు స్టేడియంలో మోగుతున్న పాట లయను పట్టుకుని పరుగెత్తాడన్నది రన్నర్లు తరచూ చెప్పుకునే విషయం. 1984 ఒలింపిక్స్‌లో మేటి రన్నర్లను గమనించిన శిక్షకుడు జాక్ డేనియల్స్ వారిలో దాదాపు అందరూ నిమిషానికి 180 అడుగులో అంతకన్నా ఎక్కువో వేస్తున్నారని గుర్తించాడు. మనవంటి సాధారణ రన్నర్ల కేడెన్స్, అంటే నిమిషానికి వేసే అడుగుల సంఖ్య, తరచూ 160, 170ల దగ్గర ఉంటుంది. అంత వేగం ఉన్న తెలుగు పాటలు వెతకడం కష్టమే గాని, నిమిషానికి 80 నుంచి 85 దరువులున్న పాటలు కావలసినన్ని ఉన్నాయి, ఒక్కో దరువుకు రెండు అడుగులు వేస్తే లెక్క కుదురుతుంది. 180 అందరికీ తప్పనిసరి అనుకుని పాటల జాబితాతో కాళ్లను బలవంతపెట్టకూడదు.

కొలతను ఎంత నమ్మాలి

జీపీఎస్ ఖాళీ ఆకాశం కింద బాగా పనిచేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డు మీదనో, హుస్సేన్ సాగర్ ఒడ్డునో పరుగెత్తేవారికి ప్రాథమిక స్థాయి వాచ్ చాలు. గచ్చిబౌలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ గాజు భవనాల మధ్య, ఫ్లైఓవర్ల కింద మాత్రం ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి తిరిగి వస్తుంది, మ్యాప్‌లో మీ పరుగు భవనాల లోపలి నుంచి సాగినట్టు కనిపిస్తుంది. ఎల్1తో పాటు ఎల్5 పౌనఃపున్యాన్ని కూడా అందుకునే డ్యూయల్ ఫ్రీక్వెన్సీ వాచ్‌లు ఈ పొరపాటును బాగా తగ్గిస్తాయి. అలాంటి చోట్ల పరుగెత్తేవారికి ఈ సౌకర్యం మీద పెట్టే ఖర్చు, పాటల సౌకర్యం మీద పెట్టే ఖర్చు కన్నా విలువైనదని నా అభిప్రాయం. గచ్చిబౌలి స్టేడియం వంటి ట్రాక్ మీద అయితే గీతలనే నమ్మండి. మొదటి లేన్‌లో ఒక చుట్టు 400 మీటర్లు, ఎనిమిదో లేన్‌లో దాదాపు 453 మీటర్లు.

మారథాన్‌లో వాచ్ 42.195 కిలోమీటర్ల కన్నా ఎక్కువ చూపితే నిర్వాహకులను నిందించనవసరం లేదు. కోర్సును సాధ్యమైనంత దగ్గరి గీత వెంట కొలిచి, తక్కువ కాకుండా వెయ్యికి ఒక వంతు, అంటే 42 మీటర్లు, అదనంగా కలుపుతారు. మలుపుల్లో వెలుపలి అంచున వెళ్లే రన్నర్ ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే పరుగెత్తుతాడు.

గుండె వేగం విషయంలో తేడాలు ఇంకా ఎక్కువ. వాచ్ వెనుక వెలిగే ఆకుపచ్చ కాంతి చర్మం కింది రక్తప్రవాహంలోని మార్పులను చూసి అంచనా వేస్తుంది. చేయి ఊపు, వదులుగా ఉన్న పట్టీ, చలి ఆ అంచనాను చెడగొడతాయి. అన్నింటికన్నా మోసపుచ్చేది వాచ్ గుండె లయకు బదులు అడుగుల లయను పట్టుకోవడం. నిదానంగా పరుగెత్తుతున్నా గుండె 168 అని చూపుతుంటే, మీ కేడెన్స్ కూడా అంతే ఉందేమో చూడండి. వాచ్‌ను మణికట్టు ఎముకకు ఒక వేలు వెడల్పు పైకి జరిపి, కదలకుండా కట్టుకుంటే చాలావరకు సరవుతుంది.

ఛాతీకి కట్టుకునే చెస్ట్ స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే నేరుగా చదువుతుంది, అందువల్ల వేగం హఠాత్తుగా మారే ఇంటర్వెల్స్‌లో దాని మాటే సరైనది. పోలార్ హెచ్10 కంపెనీ లెక్కన 400 గంటలు ఒకే నాణెం బ్యాటరీతో పనిచేస్తుంది, ఫోను యాప్‌తోనూ వాచ్‌తోనూ కలుస్తుంది. కట్టుకునే ముందు దాని ఎలక్ట్రోడ్‌లను నీళ్లతో తడపాలి, వాడిన తర్వాత కడిగి ఆరబెట్టాలి, లేకపోతే చెమట ఉప్పు దాన్ని త్వరగా పాడుచేస్తుంది. స్పోర్ట్స్ బ్రా అంచుతో ఒరుసుకుని ఇబ్బందిపడే మహిళలకు మోచేతి దగ్గర కట్టుకునే పోలార్ వెరిటీ సెన్స్ వంటి ఆప్టికల్ పట్టీ మంచి మధ్యేమార్గం. వారమంతా నిదానంగానే పరుగెత్తేవారికి మణికట్టు కొలత సరిపోతుంది, వారు ఈ ఖర్చు పెట్టనక్కరలేదు.

సంఖ్య సరైనదైనా దాన్ని ఎలా చదవాలన్నది వేరే విషయం. వాచ్‌లు గరిష్ఠ గుండె వేగాన్ని 220 నుంచి వయసును తీసివేసి లెక్కిస్తుంటాయి. 2001లో వెలువడిన మరో సూత్రం ప్రకారం వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసివేయాలి. అరవై ఏళ్ల వ్యక్తికి మొదటి లెక్కన 160, రెండో లెక్కన 166 వస్తుంది, ఆ వ్యక్తి అసలు విలువ వీటికి పది, ఇరవై అటూఇటూ ఉండవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో అదే పేస్‌కు గుండె ఎక్కువగా కొట్టుకోవడం సహజం, శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లడం, చెమటతో నీరు తగ్గడం అందుకు కారణం. ఆ రోజుల్లో పేస్‌ను వదిలి గుండె వేగాన్ని అనుసరించాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఉంటే వాచ్ ఏం చూపినా ఆగిపోయి వైద్యులను కలవాలి.

ఏ పరికరం కొన్నా మొదటి రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. వాడకందారులు పరుగెత్తిన దారులన్నిటినీ కలిపి చూపే స్ట్రావా హీట్ మ్యాప్‌లో సైనిక స్థావరాల ఆనవాళ్లు కనిపించిన సంగతి 2018 జనవరిలో బయటపడింది. సైనికులకే కాదు, రోజూ ఒకే వేళకు ఒకే గేటు నుంచి బయలుదేరే ఎవరికైనా అది వర్తిస్తుంది. పరుగు మొదలు, ముగింపు చోట్లను దాచే అమరికను ఆన్ చేసి, మీ పరుగులను తెలిసినవారే చూసేలా పెట్టుకోండి.

ఎవరికి ఏది

కొత్తగా మొదలుపెట్టేవారు ఫోను, ఉచిత యాప్, ఓపెన్-ఇయర్ ఇయర్‌ఫోన్‌తో ఆగిపోవాలి. ఫోను తప్పక తీసుకెళ్లేవారిలో 10 కిలోమీటర్లు, హాఫ్ మారథాన్ లక్ష్యం ఉన్నవారు పాటలు లేని జీపీఎస్ వాచ్, మంచి బోన్ కండక్షన్ సెట్ తీసుకోవాలి. పాటల వాచ్‌కూ మామూలు వాచ్‌కూ ఉన్న ధర తేడా చాలాసార్లు ఆ సెట్ ఖర్చులో మంచి భాగాన్ని భరిస్తుంది. ఇంటర్వెల్స్ చేసేవారు తర్వాతి కొనుగోలుగా చెస్ట్ స్ట్రాప్‌ను పెట్టుకోవాలి, పాటల వాచ్‌ను కాదు. ఫోను నిజంగా వదిలి వెళ్లేవారు పాటల చందా ఉంటే గార్మిన్ మ్యూజిక్ రకాలను, సొంత ఎంపీ3లు ఉంటే కోరోస్‌ను చూడాలి.

డబ్బు తక్కువగా ఉండి పాటల వాచ్ తప్పక కావాలనుకునేవారు 2019లో వచ్చిన ఫోర్‌రన్నర్ 245 మ్యూజిక్ వంటి పాత మోడల్‌ను సెకండ్ హ్యాండ్‌లో వెతకవచ్చు. అయితే డబ్బు ఇచ్చే ముందు దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి, జీపీఎస్, పాటలు రెండూ ఆన్‌లో పెట్టి ఒక గంట నడవాలి, ఆ గంటలో బ్యాటరీ ఎంత శాతం దిగిందో చూడాలి, పాత యజమాని ఖాతా నుంచి ఆ వాచ్‌ను మీ కళ్లముందే తొలగించమని అడగాలి.